ట్యూబ్ ఆంప్లిఫయర్ పంపాలంటే ఏ కొరియర్ మంచిది?

నా స్నేహితుడొకడు తన ట్యూబ్ ఆంప్లిఫయర్ (గాజు ట్యూబులతో పాట సిగ్నల్‌ని పెంచి స్పీకర్లకి పంపే యంత్రం) అమ్మేశాడు. కొన్నతను వేరే ఊళ్లో ఉంటాడు, డబ్బు కూడా వచ్చేసింది, ఇక పంపడమే మిగిలింది. అక్కడ మొదలైంది వాడి టెన్షన్. "ఒరేయ్, నువ్వు ఇలాంటివి పంపుతుంటావు కదా, నమ్మకమైన కొరియర్ ఏదో ఒక్క పేరు చెప్పు చాలు" అని ఫోన్ల మీద ఫోన్లు. నేను పేరు చెప్పలేదు. తెలిసి కూడా చెప్పట్లేదని కాస్త అలిగాడు. ఆ ప్రశ్నకి పేరు జవాబు కాదని నా అభిప్రాయం. అదెందుకో ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆడియో పిచ్చి ఉన్న ఏ నలుగురిని అడిగినా నాలుగు పేర్లు చెబుతారు. ఒకరు నెత్తిన పెట్టుకునే కంపెనీ పేరెత్తితే ఇంకొకరు మండిపడతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అసలు ఒక మనిషి జీవితంలో ఆంప్లిఫయర్లు, టర్న్‌టేబుళ్లు (రికార్డు ప్లేయర్లు) ఎన్నిసార్లు పంపుతాడు? ఆ కాసిన్ని అనుభవాల మీద "వీళ్లు ఎప్పుడూ పగలగొట్టరు" అనే మాట నిలబడదు. పైగా బిల్లు మీద ఉండేది ఒక్క పేరే గానీ, ఇంటికొచ్చి పెట్టె తీసుకెళ్లేవాడు ఒకడు, రాత్రి హబ్‌లో, అంటే పార్శిళ్లన్నీ చేరే చోట, ఊళ్లవారీగా వేరుచేసేవాడు ఇంకొకడు, చివర్లో గుమ్మం దగ్గర దించేవాడు మరొకడు. వీళ్లలో కొందరు ఆ కంపెనీ ఉద్యోగులు కూడా కారు, కాంట్రాక్టు వాళ్లు. ఆ రాత్రి బెల్టు పక్కన ఎవరు నిలబడ్డారు, లారీలో మన పెట్టె మీద ఏం పేర్చారు అన్నది ఏ రివ్యూలోనూ కనపడదు.

అందుకని నా వరసలో కొరియర్ మూడోది. ముందు ఆ యంత్రంలో ఏది కదులుతుందో చూసుకోవాలి, తర్వాత పెట్టె సంగతి, ఆ తర్వాతే కొరియర్. అదీ, పగిలాక వాళ్లు ఎలా ప్రవర్తిస్తారు అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

పెట్టెకి గీత పడలేదు, లోపలే పోయింది

నాకు తెలిసినాయన ఒకరు సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్ తెప్పించుకున్నారు. పెట్టె కొత్త పెళ్లికూతురిలా వచ్చింది, ఒక్క మూల నలగలేదు. తెరిచి చూస్తే టోన్ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) వంగిపోయి ఉంది, కౌంటర్‌వెయిట్ (ఆ చేతి వెనకుండే తూకపు బరువు) ఊడి ఎక్కడో దొర్లుతోంది, డస్ట్ కవర్ లోపలివైపు నుంచి పగిలింది. పంపినవాడు ప్లాటర్ (రికార్డు పెట్టి తిప్పే పళ్లెం) తియ్యకుండా అలాగే పైన బబుల్ ర్యాప్ చుట్టి పంపేశాడు. కిలోన్నర, రెండు కిలోల లోహపు పళ్లెం దారి పొడుగునా సుత్తిలా పనిచేసింది. కొరియర్ కంపెనీ మనిషి వచ్చి ఫోటోలు తీసుకుని "పెట్టె బాగానే ఉంది కదండీ" అన్నాడు. క్లెయిమ్ అక్కడితో ముగిసింది. ఆయన ఇప్పటికీ ఆ కంపెనీని తిడుతూ ఉంటారు. నాకు మాత్రం ఆ కేసులో కొరియర్ తప్పు పెద్దగా కనపడదు. ఆ టర్న్‌టేబుల్‌ని అలాగే ఒళ్లో పెట్టుకుని గతుకుల రోడ్డు మీద తీసుకెళ్లినా దాదాపు అదే జరిగేది.

ఆడియో సామాన్లతో వచ్చే చిక్కే ఇది. గాజు కూజా పగలాలంటే బయటి నుంచి దెబ్బ తగలాలి. వీటికి అక్కర్లేదు, వీటి బరువే వీటి శత్రువు. ట్యూబ్ ఆంప్లిఫయర్‌లో బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లదే, అదీ ఎక్కువగా వెనకవైపే ఉంటుంది. చిన్న లెక్క వేద్దాం. పెట్టె 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే మామూలు టేబుల్ ఎత్తు నుంచి, కింద పడిందనుకోండి. లోపలి ఫోమ్ 2 సెంటీమీటర్లు నలిగి దాన్ని ఆపితే, లోపలి ప్రతి వస్తువూ తన బరువుకి దాదాపు 38 రెట్లు బలంతో లాగుతుంది. 4 కిలోల ట్రాన్స్‌ఫార్మర్ ఆ క్షణంలో 150 కిలోల బరువై నాలుగు బోల్టులకి వేలాడుతుంది. ఫోమ్ లేక 2 మిల్లీమీటర్లలోనే ఆగిందా, ఆ బలం ఇంకో పది రెట్లు. సన్నటి రేకు ఛాసిస్ (అన్నీ బిగించి ఉండే చట్రం) చిరిగి ట్రాన్స్‌ఫార్మర్ ఊడి వచ్చిందంటే ఆశ్చర్యం ఎందుకు? ఇది నున్నటి లెక్క, అసలు దెబ్బ అంత సమంగా పడదు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే ఉంటుంది.

స్పీకర్లది ఇంకో రకం గోల. ఊఫర్ (తక్కువ స్వరాలు పలికే పెద్ద స్పీకర్) వెనకుండే ఫెర్రైట్ అయస్కాంతం చాలా స్పీకర్లలో జిగురుతోనే నిలబడి ఉంటుంది. గట్టి దెబ్బకి అది వెంట్రుకవాసి జరిగినా చాలు, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) రాసుకోవడం మొదలవుతుంది. బయటికి ఏమీ కనపడదు, కోన్ చక్కగా ఉంటుంది, తక్కువ స్వరాలు వాయించినప్పుడే గరగరమంటుంది. కోన్ దారిలో అదేపనిగా ఊగకుండా స్పీకర్ వెనక ప్లస్, మైనస్ టెర్మినల్స్‌ని ఒక తీగముక్కతో కలపడం పాత చిట్కా. కాయిల్ కదిలితే పుట్టే కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. పైసా ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ. (ఆంప్లిఫయర్‌కి కలిపే ముందు ఆ తీగ తీసెయ్యమని పెట్టె మీద పెద్దక్షరాలతో రాయడం మర్చిపోవద్దు, లేకపోతే స్పీకర్ బతికి ఆంప్లిఫయర్ పోతుంది.) ట్యూబులు విడిగా, సీడీ ప్లేయర్‌కి ట్రాన్సిట్ స్క్రూలు (దారిలో లోపలి భాగం కదలకుండా పట్టే మరలు) ఉంటే బిగించి, టర్న్‌టేబుల్‌కి ప్లాటర్, కౌంటర్‌వెయిట్, హెడ్‌షెల్ (చేతి చివర సూదిని పట్టుకునే ముక్క) ఊడదీసి, టోన్ఆర్మ్‌ని దాని స్టాండుకి కట్టి పంపాలి. ఇవి మీకు తెలిసినవే.

ఎక్కువగా దెబ్బతినేవి మధ్యరకం బరువులు

ఒక పికప్ మనిషితో మాట్లాడినప్పుడు తెలిసింది, నాకు అంతకుముందు తట్టని విషయం. "సార్, పెట్టెకి చెయ్యి పెట్టే సందు ఉంటే ఎత్తి పెడతాం, లేకపోతే దొర్లిస్తాం, ఏం చెయ్యమంటారు" అన్నాడు. దాపరికం లేని మాట. రోజంతా వందల పెట్టెలు మోసే మనిషి నడుము గురించి ఆలోచించకుండా మనం నున్నటి పెద్ద పెట్టె చేతిలో పెట్టి "జాగ్రత్త" అంటాం. అప్పట్నుంచి కొంచెం బరువైన పెట్టె ఏదైనా సరే పక్కల పట్టుకునే సందులు లేకుండా నేను పంపను.

పార్శిల్ పరీక్షలు పెట్టే ఇస్టా అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల అన్నిటికన్నా సులువైన పద్ధతి, 1ఏ, చూసినా ఇదే అర్థమవుతుంది. పెట్టెని పది సార్లు పడేస్తారు: ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. 10 కిలోల లోపు పెట్టె అయితే 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, 20 కిలోలదైతే 46 నుంచి, 30 నుంచి 45 కిలోల దాకా అయితే సుమారు 31 నుంచి. బరువు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే అంత బరువుని ఎవరూ భుజం దాకా ఎత్తి విసరలేరు. అంటే చేతిలో ఇమిడే డాక్ (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) ఎగురుతుంది, 45 కిలోల స్పీకర్ ట్రాలీ ఎక్కుతుంది. మధ్యలో 12 నుంచి 20 కిలోల ట్యూబ్ ఆంప్లిఫయర్ ఉంది చూశారూ, దాన్ని ఒక్క మనిషి ఎత్తగలడు కానీ నెమ్మదిగా దించే ఓపిక ఉండదు, పైగా లోపల ట్రాన్స్‌ఫార్మర్ తనని తాను చంపుకునేంత బరువు ఉంటుంది. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది అదే.

అందుకే ఆ రకం వస్తువుకి చిన్న చెక్క ప్యాలెట్ మీద బిగించి సరుకు రవాణా సర్వీసులో పంపడం నాకు నచ్చుతుంది. ప్యాలెట్ కన్వేయర్ బెల్టు ఎక్కదు, ఫోర్క్‌లిఫ్ట్ తప్ప చెయ్యి తగలదు. దీనికి ఎదురు వాదన నాకు తెలుసు: ఫోర్క్‌లిఫ్ట్ కొన గుచ్చుకుంటే పెట్టె కాదు, లోపలున్నదే చీలుతుంది, పైగా ఆలస్యం, గుమ్మం దాకా రాదు, డిపోకి వెళ్లి తెచ్చుకోవాలి. అన్నీ నిజమే. అయినా ఒకటీ అరా ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదం కంటే, దారిలో ప్రతి హబ్‌లోనూ తప్పకుండా జరిగే విసురుడే నాకు ఎక్కువ భయం. వేగం అంటే జాగ్రత్త అని కూడా చాలామంది అనుకుంటారు. ఎక్స్‌ప్రెస్ సర్వీసులో పెట్టె త్వరగా చేరుతుంది, అంతవరకే. త్వరగా చేరాలంటే త్వరగా విసరాలి కూడా.

పగిలే వస్తువు అని రాస్తే

ఎర్ర స్టిక్కర్ గురించి. కౌంటర్లో కూర్చున్న ఒకతను నా ముందే ఒక పెద్దాయనకి "ఆ స్టిక్కర్ మీ తృప్తి కోసం అతికించుకోండి సార్, మెషీన్ చదివేది బార్‌కోడ్ ఒక్కటే" అని చెప్పాడు. పెద్దాయన అయినా నాలుగు అతికించారు. తప్పేం లేదు, చివర్లో గుమ్మం దగ్గర దించే మనిషి చదవొచ్చు. కానీ దాన్ని నమ్ముకుని ఫోమ్ తగ్గిస్తే మాత్రం మోసపోతాం. దెబ్బ తగిలితే ఎర్రగా మారే షాక్‌వాచ్ లాంటి సూచికల మీద నాకు రెండు మనసులున్నాయి. అవి చూసి మోసేవాళ్లు భయపడతారని కొందరి నమ్మకం. అది కొంత నిజమే కావచ్చు. అయితే అది ఎర్రబడింది కాబట్టి డబ్బు కట్టండి అంటే ఏ కంపెనీ అయినా ఊరికే ఒప్పుకుంటుందని నేననుకోను. అందుకునేవాడికి మాత్రం ఒక ఉపయోగం ఉంది: ఎర్రబడి ఉంటే ప్లగ్ పెట్టకముందే మూత తీసి చూసుకుంటాడు.

పెట్టె విషయంలో అందరూ రెండు పెట్టెలు వాడమంటారు, లోపలి పెట్టెకి బయటి పెట్టెకి మధ్య చుట్టూ 5 సెంటీమీటర్లు ఫోమ్ ఉండాలంటారు. సరైన సలహానే. మరి ఎవరూ ఎందుకు పాటించరు? డబ్బు. పార్శిల్ అసలు బరువు, సైజుని బట్టి లెక్కేసిన బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కంపెనీలు చార్జీ వేస్తాయి. అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 50, 45, 25 కొలతల పెట్టె అయితే 11.25 కిలోలు. దాని చుట్టూ 5 సెంటీమీటర్ల చొప్పున పెంచండి, 60, 55, 35 అవుతుంది. ఇప్పుడు 23.1 కిలోలు. ఐదంటే ఐదు సెంటీమీటర్ల ఫోమ్‌కి సైజు లెక్క బరువు రెట్టింపు! రెండో పెట్టె మానేసేవాళ్లని బద్ధకస్తులని తిట్టడం సులువు, ఈ లెక్క చూశాక నాకు వాళ్ల మీద అంత కోపం రాదు. నన్నడిగితే కొరియర్ కంపెనీల్ని పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది ఈ భాగహారం సంఖ్యే. అది పెద్దదిగా ఉన్న కంపెనీ మనకి మంచి ప్యాకింగ్ చేసుకునే వెసులుబాటు ఇస్తున్నట్టు.

ఇక ఫోమ్ మెత్తగా ఉంటే మంచిదనుకోవడం ఒక భ్రమ. మరీ మెత్తటి ఫోమ్ బరువైన ఆంప్లిఫయర్ కింద ముందే అణిగిపోయి ఉంటుంది, దెబ్బ తగిలే సమయానికి నలగడానికి ఏమీ మిగలదు. మరీ గట్టిదైతే అసలు నలగదు. గుల్లగా ఉండే ఫోమ్ ముక్కలు పోస్తే దారిలో కుదుపులకి సర్దుకుని బరువైన వస్తువు మెల్లగా అడుక్కి చేరుతుంది. ఒకసారి దెబ్బ తిన్న థర్మోకోల్ మళ్లీ అంత పనిచెయ్యదు, కాబట్టి "ఒరిజినల్ పెట్టె ఉంది" అని సంబరపడేముందు ఆ పెట్టె ఇప్పటికి ఎన్ని ప్రయాణాలు చేసిందో అడగండి.

పరిహారం తూకం వేసి ఇస్తారు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ భాగమే. దేశాల మధ్య విమానంలో వెళ్లే సరుకుకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. అందులో పరిహారానికి గరిష్ఠ పరిమితి వస్తువు విలువని బట్టి ఉండదు, కిలోల లెక్కన ఉంటుంది. 2019 డిసెంబర్ నుంచి కిలోకి 22 ఎస్‌డీఆర్, 2024 డిసెంబర్ 28 నుంచి 26 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క కొలమానం. 12 కిలోల టర్న్‌టేబుల్ మొత్తం ధ్వంసమైనా దక్కేది 312 ఎస్‌డీఆర్ లోపే. మంచి కార్ట్రిడ్జ్ (సూది ఉండే చిన్న ముక్క) బరువు మామూలుగా పది గ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది, కొన్నిటి ధర మాత్రం టర్న్‌టేబుల్‌ని మించుతుంది. దాన్ని విడిగా చిన్న పెట్టెలో పంపితే తూకం ప్రకారం దాని విలువ దాదాపు సున్నా. ఇనప ట్రాన్స్‌ఫార్మర్‌కి గౌరవం, వజ్రపు మొన ఉన్న స్టైలస్‌కి, అంటే ఆ సూదికి, లేదు. పంపేముందు ఎక్కువ విలువ ప్రకటించి అదనపు చార్జీ కడితే ఈ పరిమితి పెరుగుతుంది, ఆ సదుపాయం ఒప్పందంలోనే ఉంది. కానీ విలువ ప్రకటించడం, ఇన్సూరెన్స్ రెండూ ఒకటి కావు. మొదటిది కంపెనీ బాధ్యతకి పైకప్పు పెంచడం మాత్రమే, తప్పు వాళ్లది కాదని తేలితే ఆ కప్పు ఎంత ఎత్తున ఉన్నా మనకి ఒరిగేది లేదు.

తప్పు వాళ్లది కాదని తేల్చడానికి ఉన్న దారి కూడా అదే ఒప్పందంలో ఉంది. 18వ అధికరణం ప్రకారం ప్యాకింగ్ లోపం వల్ల నష్టం జరిగిందని, ఆ ప్యాకింగ్ తాము గానీ తమవాళ్లు గానీ చేసింది కాదని నిరూపిస్తే రవాణా సంస్థకి బాధ్యత ఉండదు. దేశం లోపల పంపేటప్పుడు ఈ ఒప్పందం నేరుగా వర్తించదు గానీ, చాలా కొరియర్ల షరతుల కాగితంలో ఇదే ధోరణి కనిపిస్తుంది.

అయితే కొరియర్ వాళ్ల చేతే ప్యాక్ చేయించేస్తే పోలేదా? తర్కం ప్రకారం అదే తెలివైన పని, ప్యాకింగ్ బాగోలేదని వాళ్లని వాళ్లే అనలేరు కదా. చాలా రోజులు నేనూ ఈ వైపే మొగ్గాను. కానీ కౌంటర్లో ఉన్న కుర్రాడికి ప్లాటర్ ఊడుతుందని ఎలా తెలుస్తుంది? అతను ప్రేమగా చుట్టూ బబుల్ ర్యాప్ చుడతాడు, లోపలి సుత్తి లోపలే ఉంటుంది. చివరికి నేను చేసేది మధ్యేమార్గం: లోపలి భాగాలు నేనే తీసి, బిగించి, ప్రతి దశలో ఫోటో తీసి, అన్నీ లోపలి పెట్టెలో సర్దుతాను, బయటి పెట్టె వాళ్ల చేత చేయిస్తాను, రసీదు మీద ప్యాకింగ్ వాళ్లదేనని రాయించుకుంటాను. ఇందులోనూ బొక్క ఉంది, లోపలి ప్యాకింగ్ బాగోలేదని వాళ్లు అనొచ్చు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఫోటోలు తప్ప.

మరి కొరియర్‌ని ఎలా ఎంచుకోవాలి

కాబట్టి షరతుల కాగితం మొత్తం చదవండి. విసుగే, అయినా చదవండి. వాడిన వస్తువులకి, గాజు భాగాలున్నవాటికి, పాత అరుదైన వాటికి మినహాయింపులో, తక్కువ పరిమితులో ఉంటాయి. ట్యూబ్ అంటే గాజే కదా! ఫోన్ చేసి, ఒక్క పెట్టె గరిష్ఠ బరువు ఎంత, దారిలో ఎన్నిచోట్ల దించి ఎక్కిస్తారు, క్లెయిమ్ చేస్తే తనిఖీకి ఎవరొస్తారు అని అడగండి. జవాబులకన్నా ఆ జవాబు చెప్పే మనిషి దొరకడానికి ఎంతసేపు పట్టిందన్నదే నాకు ఎక్కువ విషయం చెబుతుంది. ఏమీ పగలకముందే మనిషి దొరకని కంపెనీలో పగిలాక దొరుకుతాడా?

పేరుకి అసలు విలువే లేదా అంటే, అలా అనను. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఆ ఒక్క దారిలో, ఫలానా డిపో బాగా చూసుకుంటుందన్న సమాచారం పనికొస్తుంది. దాన్ని అమ్మేవాళ్లని కాకుండా ఆడియో రిపేరు చేసేవాళ్లని అడగాలి, విరిగి వచ్చినవి చూసేది వాళ్లే. వాళ్లకి విరిగినవే కనపడతాయి, క్షేమంగా చేరినవి కనపడవు, కాబట్టి వాళ్ల మాట కూడా సగమే. నాకు తెలిసిన రిపేరు మాస్టారుని అడిగితే "నేను కంపెనీ పేరు చూడనయ్యా, టేపు చూస్తాను, టేపు పిసినారిగా వేసినవాడు లోపల కూడా పిసినారే" అన్నారు.

విమానంలో పంపేవాళ్లకి ఒక మాట. పెద్ద స్పీకర్ల అయస్కాంతాలకి, లిథియం బ్యాటరీ ఉన్న పోర్టబుల్ ప్లేయర్లకి విమాన సరుకు నియమాలు వేరు. వాటి సంగతి దాచి పంపితే మధ్యలో ఆపేస్తారు, ఆ తర్వాత ఏ క్లెయిమూ పనికిరాదు.

అందుకునేవాడి పని కూడా ఉంది. పెట్టె బాగుంది కదా అని పక్కన పెట్టేస్తే గడువు దాటిపోతుంది. మాంట్రియల్ ఒప్పందంలో సరుకు దెబ్బతిందని రాతపూర్వకంగా చెప్పడానికి అందుకున్న రోజు నుంచి 14 రోజులే గడువు, చాలా కంపెనీల సొంత షరతుల్లో గడువులు వేరుగా ఉంటాయి. ఊఫర్ గరగర గురించి పైన చెప్పాను కదా, అది పెట్టె తెరిస్తే కనపడేది కాదు, వాయించి వింటేనే బయటపడేది. చల్లటి లారీలోంచి దిగిన వస్తువుకి వెంటనే కరెంటు పెట్టకుండా గది వేడికి అలవాటు పడనిచ్చి, లోపల తేమ పోయాక, అదే వారంలో అన్ని ఇన్‌పుట్లూ పరీక్షించి చూసుకోవాలి. అట్టపెట్టె, ఫోమ్ అప్పుడే పారెయ్యకూడదు. ప్యాకింగ్ చూపించమని అడిగే తనిఖీ మనిషికి చూపించడానికి మన దగ్గర మిగిలేది అదే.

కొన్నిటిని మాత్రం ఎంత బాగా ప్యాక్ చేసినా పంపాలని నాకనిపించదు. పాత రిబ్బన్ మైక్రోఫోన్లు, వాటిలో రిబ్బన్ కొన్ని మైక్రాన్ల మందమున్న అల్యూమినియం రేకు. పాత బరువైన రీల్ టేప్ డెక్కులు, వాటి విడిభాగాలు ఇప్పుడు దొరకడం కష్టం. ఇలాంటివి అమ్మేటప్పుడు "వచ్చి తీసుకెళ్లేవాళ్లకే" అని షరతు పెడతాను. కొనేవాళ్లు తగ్గుతారు, బేరం కూడా కొంత తగ్గించాల్సొస్తుంది. ఒక కుర్రాడు ఇలాంటి డెక్ కోసం కారేసుకుని వచ్చి, వెనక సీటులో దాన్ని పెట్టి, సీటుబెల్టు పెట్టి, దాని పక్కన తను కూర్చుని, కారు వాళ్ల నాన్న చేత నడిపించుకుంటూ వెళ్లాడు.